ఆగిన రోజు ఖరీదు
(ఊరి ఇంటర్నెట్ సామాను ఎంచుకోవడం, కాపాడుకోవడం గురించి సంఘం శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఇంజినీర్లం కాము. పత్తి, వరి పండించుకునేవాళ్లం. మూడున్నరేళ్లుగా మా మండలంలో ఐదు ఊళ్లకు, రెండు తండాలకు తీగ లేకుండా గాలిలో ఇంటర్నెట్ అందిస్తున్నాం. మీ మండలాల్లో కూడా ఇలాంటిది పెట్టుకోవాలని అనుకుంటున్నారు కాబట్టి, సామాను ఎలా కొనాలో, కొన్నదాన్ని ఎలా కాపాడుకోవాలో చెప్పమని నాయకత్వం మమ్మల్ని పిలిచింది. మేము బాగా చేసినవాటితో కాకుండా చెడగొట్టుకున్నదానితో మొదలుపెడతాం. మాకు తెలిసినదంతా అక్కడే నేర్చుకున్నాం.

నాలుగు రోజుల కథ

2025 నవంబరు సంగతి. మోంథా తుఫాను వానకు తడిసిన పత్తిని ఆరబెట్టుకుని, అమ్మకానికి సిద్ధం చేసుకుంటున్న రోజులు. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు ఉండేది. తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే కొనరు. అదంతా మనకు తెలిసిందే. కొత్తగా వచ్చింది ఏమిటంటే, కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకుని, స్లాట్ బుక్ చేసుకుని వెళ్తేనే సీసీఐ కేంద్రంలో కాంటా. మా తండాల్లో ఫోను మోగుతుంది, ఓటీపీ వస్తుంది, కానీ యాప్ తెరుచుకోదు. అందుకే స్లాట్ కోసం అందరూ మా వైఫై మీదే ఆధారపడ్డారు.

ఒక రాత్రి కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. తెల్లారేసరికి గుట్ట మీది మా కేంద్రం చచ్చిపోయింది. మొదటి రోజంతా పైనుంచి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీదే తప్పనుకుని ఫోన్లు చేస్తూ కూర్చున్నాం. రెండో రోజు గుట్ట ఎక్కి చూస్తే బ్యాటరీలో నీళ్లు అడుగంటి ఉన్నాయి, అడాప్టర్ మాడిపోయి ఉంది. అలాంటి అడాప్టర్ హైదరాబాద్‌లో తప్ప దొరకలేదు. మూడో రోజు సాయంత్రం అది వచ్చింది, పెట్టాం, ఒక రేడియో పెట్టె లేవలేదు. ఒక ఊళ్లో ఉన్న పెట్టెను విప్పుకొచ్చి దాని స్థానంలో బిగించాం. అప్పుడు పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్ మొదట్లో బిగించిపోయిన మనిషి దగ్గర ఉంది. ఆయన ఫోను ఎత్తలేదు. నాలుగో రోజు డిగ్రీ చదివే మా ఊరి అమ్మాయి దాన్ని మొదటికి తెచ్చి, అన్ని వివరాలూ కొత్తగా ఎక్కించి లేపింది.

ఆ నాలుగు రోజుల్లో కొందరు బండి మీద మండల కేంద్రానికి పోయి స్లాట్ పెట్టుకున్నారు. పోలేనివాళ్లు, అప్పుకు వాయిదా దగ్గరపడ్డవాళ్లు దళారీకి అమ్ముకున్నారు. మా కమిటీలోనే ఉన్న రెండెకరాల రైతు ఒకాయన 14 క్వింటాళ్లు మద్దతు ధర కంటే క్వింటాలుకు 1,500 తక్కువకు ఇచ్చేశాడు. అంటే 21,000 రూపాయలు పోయాయి. మాడిపోయిన అడాప్టర్ ఖరీదు వెయ్యి రూపాయలు కూడా లేదు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. అంతకు ముందు ఏడాది సర్వసభ్య సమావేశంలో మా దగ్గర కొంత డబ్బు మిగిలింది. దానితో విడి సామాను కొని పెట్టుకుందామని ఒకరిద్దరు అన్నారు. వాడని సామానుకు డబ్బెందుకని మిగతా అందరం కలిసి నెల చందా 20 రూపాయలు తగ్గించుకున్నాం. చప్పట్లు కూడా కొట్టుకున్నాం. అందుకే ఈ రోజు మీకు చెప్పాలనుకున్న మాట ఒక్కటే. సామాను కొనేటప్పుడు పెట్టె ఖరీదు చూడకండి, అది ఆగిన రోజు ఖరీదు చూడండి.

ఇది ఎలా పనిచేస్తుంది

మండల కేంద్రం దాకా ఫైబర్ వైరు వచ్చి ఉంది. అక్కడ ఒక మేడ మీద డిష్ పెట్టాం. దానికి ఎదురుగా గుట్ట మీది మంచినీళ్ల ట్యాంకు దగ్గర ఇంకో డిష్ ఉంది. పంచాయతీ తీర్మానం చేసి మాకు ఆ చోటు ఇచ్చింది. గుట్ట మీద నుంచి ఊళ్ల వైపు మూడు రేడియో పెట్టెలు చూస్తుంటాయి. ఒక్కో ఊళ్లో బడి మీదో, సంఘం ఆఫీసు మీదో ఒక పెట్టె అందుకుంటుంది. అక్కడి నుంచి ఇళ్లకు వెళ్తుంది. కాలువకు తూము, పిల్ల కాలువ, బోదె ఉన్నట్టే ఇదీ. తూము దగ్గర ఆగితే ఆయకట్టు అంతా ఎండుతుంది. మా తూము గుట్ట మీద ఉంది.

చట్టం సంగతి ముందే తెలుసుకోండి. 5 గిగాహెర్ట్జ్ వైఫై తరంగాలను మన దేశంలో 2018 అక్టోబరులో లైసెన్సు అవసరం లేని జాబితాలో విస్తరించారు. అంటే తరంగానికి లైసెన్సు అక్కర్లేదు. అంతమాత్రాన ఇంటర్నెట్‌ను ఎవరైనా అమ్ముకోవచ్చని కాదు. లైసెన్సు ఉన్న కంపెనీకి ఫ్రాంచైజీగా చేయాలి, లేదా 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి పథకం కింద పబ్లిక్ డేటా ఆఫీసుగా చేయాలి. మేము మొదటి దారిలో ఉన్నాం. పెట్టె కొనేటప్పుడు దానికి కేంద్ర వైర్‌లెస్ విభాగం ఇచ్చే ఈటీఏ ఆమోదం ఉందో లేదో అడగండి. బిగించాక సెట్టింగుల్లో దేశం దగ్గర ఇండియా అనే పెట్టండి. బలం ఎక్కువ వస్తుందని వేరే దేశం పేరు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి, అది చట్టవిరుద్ధం.

ముందు దారి చూడండి, తర్వాత పెట్టె

బోరు వేసేముందు పాయింటు చూపించుకుంటాం కదా. ఇక్కడ కూడా ముందు దారి చూడాలి. ఈ తరంగం కొండలు, ఇళ్లు, చెట్లు దాటి పోదు. ఒక డిష్ దగ్గర నిలబడితే రెండోది కళ్లకు కనిపించాలి.

కనిపిస్తే సరిపోతుందా అంటే అదీ చాలదు. తరంగం దారం లాగా సన్నగా పోదు, నడుమ ఉబ్బిన సొరకాయ లాగా పోతుంది. 5 కిలోమీటర్ల దూరమైతే సరిగ్గా మధ్యలో ఆ ఉబ్బు చూపు గీత చుట్టూ 8 మీటర్ల దాకా ఉంటుంది. అందులో కనీసం 60 శాతం, అంటే గీతకు చుట్టూ దాదాపు 5 మీటర్ల మేర ఏ అడ్డూ ఉండకూడదు.

మేము ఒక తండా లింకును ఏప్రిల్‌లో బిగించాం. అద్భుతంగా వచ్చింది. జూలైలో సగం కూడా రాలేదు. పెట్టె చెడిందని మార్చాం, అయినా అంతే. తర్వాత తెలిసింది, దారి మధ్యలో టేకు చెట్లున్నాయి. ఎండాకాలం ఆకు రాల్చి ఉన్నాయి, వానలకు ఆకు వేశాయి. ఆకు తడిస్తే తరంగాన్ని ఇంకా ఎక్కువగా మింగుతుంది. కాబట్టి దారి చూసేటప్పుడు చెట్టు ఇవాళ ఎలా ఉందో కాదు, ఐదేళ్లకు ఎంత ఎదుగుతుందో చూడండి. మధ్యలో ఎవరైనా జామాయిల్ తోట వేస్తున్నారేమో అడిగి తెలుసుకోండి.

ఎత్తు కోసం టవర్ కట్టాలని తొందరపడకండి. మన తెలుగు నేలమీద ఇది కొత్త పని కాదు. 2000ల దశకంలోనే పశ్చిమ గోదావరి పల్లెల్లో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో దూరపు వైఫై లింకులు వేసింది. ఇలాంటి పల్లె లింకుల మీద ఆ రోజుల్లో పనిచేసిన ఇంజినీర్లు లెక్కగట్టి చెప్పిన సంగతి ఏమిటంటే, రేడియో పెట్టెల కంటే టవరే ఖరీదు. డెల్టాలో నేల చదును కాబట్టి టవర్ తప్పదు. మనకు గుట్టలున్నాయి, ట్యాంకులున్నాయి, రెండంతస్తుల బళ్లున్నాయి. వాటిని వాడుకోండి. గుట్ట అటవీ శాఖదైతే అనుమతి లేకుండా ఒక్క కడ్డీ కూడా పాతకండి.

పెట్టె ఎంపికకు మూడు ప్రశ్నలు

బజారులో యుబిక్విటి, మైక్రోటిక్, కేంబియం, టీపీ-లింక్ లాంటి చాలా పేర్లున్నాయి. ఏది మంచిదని మమ్మల్ని అడుగుతారు. మేము పేరు చెప్పం, మూడు ప్రశ్నలు చెబుతాం. మీరు బోరు మోటారు కొనేటప్పుడు అడిగే ప్రశ్నలే అవి.

మొదటిది, ఇది చెడిపోతే రేపు సాయంత్రానికల్లా ఇలాంటిదే ఎక్కడ దొరుకుతుంది? జిల్లా కేంద్రంలో దొరకని సామాను ఎంత గొప్పదైనా మనకు పనికిరాదు.

రెండోది, మన ఊరి పిల్లలు దీన్ని విప్పి బిగించగలరా? మొదట్లో మేము ఎవరు తక్కువకు ఇస్తే వాళ్ల దగ్గర కొన్నాం. నాలుగు కంపెనీల పెట్టెలు చేరాయి. ఒక్కోదాని మెనూ ఒక్కో తీరు, ఒక్కోదాని అడాప్టర్ ఒక్కో తీరు. నేర్చుకునేవాళ్లు విసిగిపోయారు. ఇప్పుడు ఒకే రకం పెట్టుకుంటున్నాం. ఒకటి నేర్చుకుంటే అన్నీ వచ్చినట్టే, ఒక విడి పెట్టె ఉంటే అన్ని చోట్లకూ పనికొస్తుంది.

మూడోది, దీని తాళం ఎవరి దగ్గర ఉంటుంది? పాస్‌వర్డులు, సెట్టింగుల ఫైలు మీ చేతికి ఇవ్వకుండా బిగించిపోయేవాళ్లకు ఆఖరి బిల్లు కట్టకండి. మా పాస్‌వర్డులు ఇప్పుడు ఒక కవరులో సీలు వేసి కోశాధికారి ఇంట్లో ఉన్నాయి. సెట్టింగుల ఫైళ్లు రెండు పెన్‌డ్రైవుల్లో రెండు ఊళ్లలో ఉన్నాయి. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చేయండి. అందరికీ తెలిసిన పాస్‌వర్డు ఉంటే తలుపు తీసి పెట్టినట్టే.

ఇంకో చిన్న మాట. ఇప్పుడు 60 గిగాహెర్ట్జ్ పెట్టెలు వస్తున్నాయి. వేగం చాలా ఎక్కువే. కానీ పెద్ద వాన పడితే ఆ తరంగం నీరసపడుతుంది, దూరం పోదు. పక్కపక్క మేడలకు బాగుంటుంది. గుట్ట నుంచి ఊరికి 5 గిగాహెర్ట్జే నయం, దానికి వానతో పెద్ద ఇబ్బంది లేదు. వానాకాలం మీ 5 గిగాహెర్ట్జ్ లింకు పడిపోయిందంటే వానను కాదు, నీళ్లు దిగిన జాయింటును, తడిసిన చెట్టును అనుమానించండి.

వైరు దగ్గర పొదుపు చేయొద్దు

పెట్టెకు కరెంటు, ఇంటర్నెట్ రెండూ ఒకే వైరులో పోతాయి. దీన్ని పీవోఈ అంటారు. వైరు బాగా లేకపోతే రెండూ పోతాయి. బజారులో రాగి పూత పూసిన అల్యూమినియం వైరును రాగి వైరని అమ్ముతున్నారు. బ్లేడుతో తీగను గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం. అది తొందరగా తెగుతుంది, జాయింటు దగ్గర పాడవుతుంది, కరెంటును మధ్యలోనే తినేస్తుంది. ఎండకు తట్టుకునే నల్ల తొడుగున్న, లోపల రేకు చుట్టిన, బయట వాడే రాగి వైరే కొనండి. ఒక్క లాగుడుకు 100 మీటర్లు దాటకూడదు.

వైరు పెట్టెలోకి వెళ్లేచోట కిందికి ఒక వంపు ఇచ్చి పైకి ఎక్కించండి. వాన నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి. లేకపోతే వైరు పట్టుకుని నేరుగా పెట్టెలోకి దిగుతాయి. కోతులున్న గుట్ట అయితే వైరంతా జీఐ పైపులో వేయండి. మేము వేయలేదు. మొదటి ఏడాది మూడుసార్లు కోతులు పీకాయి.

వోల్టుల సంగతి మరవొద్దు. కొన్ని పెట్టెలు 24 వోల్టులవి, కొన్ని 48వి. రెండింటికీ ప్లగ్గు ఒకేలా ఉంటుంది. 24 పెట్టెకు పొరపాటున 48 ఇస్తే ఒక్క క్షణంలో మాడుతుంది. మేము 24 వాటికి పచ్చ పెయింటు, 48 వాటికి ఎర్ర పెయింటు పూశాం. చీకట్లో టార్చి వెలుతురులో పనిచేసేవాడికి ఆ రంగే దిక్కు.

అసలు శత్రువు కరెంటు

మేము ఒక్కరమే కాదు, ఇలాంటి పని చేసిన వాళ్లందరూ చెప్పే మాట ఇది. తమిళనాడులోని తేనిలో అరవింద్ కంటి ఆసుపత్రి చుట్టుపక్కల పల్లెల కంటి కేంద్రాలను దూరపు వైఫైతో కలిపింది. పల్లెలోని రోగితో పట్నంలోని డాక్టరు తెర మీద మాట్లాడేవారు. ఆ లింకులు వేసిన అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో తమ అనుభవం రాశారు. రేడియో కన్నా, దూరం కన్నా సామానును ఎక్కువగా చంపింది నాణ్యత లేని కరెంటేనని అందులో తేల్చారు. ఒక్కసారిగా ఎగిరే వోల్టేజీ, తక్కువ వోల్టేజీ, మాటిమాటికీ పోయి రావడం. మన స్టార్టర్లు, మోటార్ల వైండింగులు ఎందుకు కాలతాయో దీనికీ అదే కారణం.

అందుకని గుట్ట మీది సామానుకు లైను కరెంటు నేరుగా తగలనివ్వకండి. మధ్యలో బ్యాటరీ ఉండాలి. లెక్క చెబుతాం, మీ నోటు పుస్తకంలో రాసుకోండి. మా గుట్ట మీద నాలుగు పెట్టెలు, ఒక్కోటి 10 వాట్లు. రూటరు, స్విచ్చి కలిపి ఇంకో 10. మొత్తం 50 వాట్లు. రోజంతా నడిస్తే 1,200 వాట్ అవర్లు. 12 వోల్టుల, 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు ఉంటాయి. కానీ అడుగుదాకా తోడితే బ్యాటరీ చస్తుంది, సగమే వాడాలి. అంటే ఒక్క బ్యాటరీకి 18 గంటలు, రెండిటికి 36 గంటలు. రెండు పెట్టుకోండి. సోలార్ పలకలతో నడపాలంటే, రోజుకు నాలుగు గంటల గట్టి ఎండ అనుకుంటే 300 వాట్లు చాలాలి. దుమ్ము, మబ్బు, మధ్యలో పోయేది కలుపుకుంటే 400 వాట్లకు తక్కువ పెట్టకండి.

బ్యాటరీ నుంచి ఇన్వర్టరుతో ఏసీ చేసి, మళ్లీ అడాప్టరుతో డీసీ చేస్తే దారిలో చాలా పోతుంది. ఇన్వర్టరు తన కోసం కూడా కొంత తాగుతుంది. వోల్టేజీ నిలకడగా ఇచ్చే డీసీ కన్వర్టరును బ్యాటరీకి, పెట్టెకు మధ్య పెట్టుకుంటే నయం. మాడిపోయే అడాప్టర్ల బెడద కూడా తగ్గుతుంది.

పిడుగు గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. గుట్ట మీద ఇనుప కడ్డీ పాతామంటే పిడుగును పిలిచినట్టే. కడ్డీకి, వైరు రెండు చివర్లలో పెట్టే సర్జ్ ప్రొటెక్టర్లకు, బ్యాటరీ పెట్టెకు అన్నిటికీ కలిపి ఒకే ఎర్తింగు ఇవ్వండి. దేనికది వేరుగా ఎర్తు చేస్తే పిడుగు పడ్డప్పుడు ఒకదాని నుంచి ఇంకోదానికి సామాను గుండానే దూకుతుంది. ఎర్తు గుంట గుట్ట మీద ఎండాకాలం ఎండిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పోసినట్టే దీనికీ నీళ్లు పోయాలి. ఇన్ని చేసినా నేరుగా పడే పిడుగును ఏదీ ఆపలేదు. అప్పుడు మనల్ని కాపాడేది బీరువాలో ఉన్న విడి పెట్టె ఒక్కటే.

కార్తెల ప్రకారం పనులు

నిర్వహణ అంటే చెడినప్పుడు పరుగెత్తడం కాదు. మోటారు కాలిపోయాక మెకానిక్‌ను పిలిచేవాడికి, పంటకు ముందే బుష్షులు చూపించుకునేవాడికి ఉన్నంత తేడా. మాకు తారీఖులు గుర్తుండవు కాబట్టి పనులను కార్తెలకు ముడిపెట్టాం.

రోహిణి కార్తెలో, తొలకరికి ముందు, ప్రతి జాయింటూ విప్పి చూస్తాం. నీళ్లు దిగకుండా చుట్టే రబ్బరు టేపు మారుస్తాం. బోల్టులు బిగిస్తాం. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు చూసుకుంటాం. దారిలో కొమ్మలు పెరిగితే చెట్టు యజమానిని అడిగి కొట్టిస్తాం.

దసరా నాటికి, అంటే పత్తి ఏరుడు జోరందుకునే ముందు, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోస్తాం. ఒక రోజు కావాలని లైను కరెంటు తీసేసి, ఎన్ని గంటలు నడుస్తుందో చూస్తాం. కాగితం మీద 36 గంటలు ఉండొచ్చు, పాత బ్యాటరీ 10 గంటలకే చేతులెత్తొచ్చు. ఆ సంగతి పంట అమ్మే రోజున కాక ముందే తెలియాలి. పెట్టెల సాఫ్ట్‌వేర్ మార్చాల్సి ఉంటే యాసంగి నాట్ల తర్వాత ఖాళీ రోజుల్లో మారుస్తాం. కొనుగోళ్ల కాలంలో దాన్ని ముట్టుకోం.

ప్రతి సోమవారం ఒకరు ప్రతి లింకు బలం చూసి రిజిస్టర్‌లో రాస్తారు. పెట్టె తెర మీద మైనస్ 58, మైనస్ 60 అని ఒక అంకె కనిపిస్తుంది. మైనస్ పక్కన అంకె ఎంత పెరిగితే బలం అంత తగ్గినట్టు. మూడు పెరిగితే సగం, ఆరు పెరిగితే పావు. 60 ఉండేది 66 అయిందంటే డిష్ పక్కకు తిరిగిందో, నీళ్లు దిగాయో, చెట్టు పెరిగిందో చూడాలి. రిజిస్టర్ లేకపోతే అది నిన్న తగ్గిందో, ఏడాదిగా తగ్గుతూ వచ్చిందో ఎవరికీ తెలియదు. పాల కేంద్రంలో వెన్న శాతం రాసుకున్నంత తేలికైన పని.

విడి సామాను పెట్టె ఒకటి కట్టుకోండి. అందులో ఒక రేడియో పెట్టె, రెండు అడాప్టర్లు, ఒక డీసీ కన్వర్టరు, సర్జ్ ప్రొటెక్టర్లు, 100 మీటర్ల వైరు, కొనలకు పెట్టే క్లిప్పులు, వాటిని నొక్కే పట్టకారు, రబ్బరు టేపు, వోల్టులు చూసే మీటరు ఉండాలి. రేడియో పెట్టెకు సెట్టింగులు ముందే ఎక్కించి ఉంచండి. పైకి తీసుకెళ్లి తగిలిస్తే చాలేటట్టు ఉండాలి. అందులోనుంచి ఒకటి వాడితే వారంలో మళ్లీ కొని పెట్టాలి.

మనుషుల గురించి కూడా. ఒక్కరికే పని వస్తే ఆ ఒక్కరు పెళ్లికి పోయిన రోజున అందరం ఆగిపోతాం. ప్రతి ఊరి నుంచి ఇద్దరికి నేర్పిస్తున్నాం. మా దగ్గర నేర్చుకున్న ఎనిమిది మందిలో ముగ్గురు ఆడపిల్లలు. రిజిస్టర్ వాళ్లు రాసినంత శుభ్రంగా ఎవరూ రాయడం లేదు. పైకి ఎక్కేవాళ్లకు బెల్టు, టోపీ తప్పనిసరి. ఒంటరిగా ఎక్కకూడదు. మబ్బు పట్టినప్పుడు, ఉరుము వినిపించినప్పుడు ఎక్కకూడదు. కరెంటు లైను దగ్గరలో కడ్డీ నిలబెట్టకూడదు. నెట్ రెండు రోజులు లేకపోతే మళ్లీ వస్తుంది, మనిషి పోతే రాడు.

డబ్బు, హక్కు

ఇదంతా చేయాలంటే డబ్బు కావాలి. బ్యాటరీ నాలుగైదేళ్లకు మార్చాల్సిందే. దాని ఖరీదును అరవై నెలలకు పంచి, ఆ భాగాన్ని నెలనెలా పక్కన పెట్టండి. పెట్టెలకూ అంతే. ఆ ఖాతాలో డబ్బు కనిపిస్తే చందా తగ్గిద్దామనే మాట తప్పకుండా వస్తుంది. మా దగ్గర వచ్చింది, మేము చేతులెత్తాం. ఇప్పుడు ఆ 20 రూపాయలు మళ్లీ పెంచాం. ఈసారి చప్పట్లు లేవు, కానీ ఎవరూ కాదనలేదు. పత్తి తక్కువకు అమ్ముకున్న మా రైతే లేచి ఆ తీర్మానం పెట్టాడు.

మా దగ్గర ఇంత శ్రమ ఎందుకు, కంపెనీలు వస్తాయి కదా అని కొందరు అడుగుతారు. రానిచోట్ల జనమే పూనుకున్న సంగతి ప్రపంచంలో చాలా చోట్ల ఉంది. స్పెయిన్‌లోని కాటలోనియాలో ఓసోనా అనే పల్లె ప్రాంతానికి కంపెనీలు రాకపోతే, అక్కడివాళ్లు 2004లో గీఫీ అనే వలను తామే మొదలుపెట్టారు. ఇళ్ల మీద, కొట్టాల మీద తమ సొంత పెట్టెలు పెట్టుకుంటూ పోయారు. అది వేల కేంద్రాలకు పెరిగింది. సామాను వాడేవాళ్లదే కావడం, బాగుచేసుకునే నేర్పు వాళ్ల మధ్యే ఉండడం దాన్ని నిలబెట్టాయి.

అయితే మేము చేస్తున్నది ప్రభుత్వం చేయాల్సినదానికి బదులు కాదు. ప్రతి పంచాయతీకి ఫైబర్ వేస్తామని 2011లో కేంద్రం ఆమోదించిన పథకమే ఇప్పటి భారత్‌నెట్. 2023 ఆగస్టులో దానికి 1.39 లక్షల కోట్ల రూపాయలతో మళ్లీ ఆమోదం తెలిపారు. మన పంచాయతీ ఆఫీసులోని పెట్టెలో దీపం వెలుగుతోందా, అందులోంచి నిజంగా ఇంటర్నెట్ వస్తోందా అని ప్రతి గ్రామ శాఖా వెళ్లి చూడాలి. రాకపోతే అడగాలి. స్లాట్, ఈ-కేవైసీ, భూమి రికార్డు, ఆంధ్రలో ఈ-క్రాప్, అన్నీ ఫోనులోకి తెచ్చినప్పుడు, ఫోను పనిచేయని ఊరి రైతుకు కొనుగోలు కేంద్రం దగ్గరే మనిషి చేత నమోదు చేయించే ఏర్పాటు ఉండాలి. నెట్ లేనందుకు ఏ రైతూ ధర పోగొట్టుకోకూడదు. ఈ డిమాండును సంఘం ముందు పెడుతున్నాం.

ఆ డిమాండు నెరవేరేదాకా మన గుట్ట మీది దీపం మనమే కాపాడుకోవాలి. మీరు మొదలుపెట్టేటప్పుడు మా మండలానికి రండి. గుట్ట ఎక్కించి చూపిస్తాం. మాడిపోయిన ఆ అడాప్టరును పారేయలేదు, సంఘం ఆఫీసు గోడకు మేకు కొట్టి వేలాడదీశాం. దాని కింద ఆ నాలుగు తారీఖులు, 21,000 అనే అంకె రాసి పెట్టాం. సామాను కొనబోయే ముందు ఒకసారి దాన్ని చూసి పొండి.